క్షమాపణ అడిగాక కూడా ప్రభువు బల్లకు దూరంగా ఉండేవారికి ఏం చెప్పాలి?

యూత్_లీడర్:
అందరికీ వందనాలు. మా యౌవనస్థుల్లో కొందరు పాపం ఒప్పుకొని, మానేశాక కూడా "నేను పనికిరానివాణ్ణి" అని తమను తామే తిట్టుకుంటున్నారు. మొదటి ఆదివారం బల్ల ఆరాధనలో (యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు) రొట్టె పళ్లెం పక్కవారికి అందించేసి తల దించుకుంటారు. అడిగితే, అయోగ్యంగా ఆ రొట్టె తినేవాడు అపరాధి అవుతాడనే 1 కొరింథీ 11:27 చూపిస్తారు. క్రీస్తులో ఉన్నవారికి శిక్షావిధి లేదనే రోమా 8:1 వీళ్లకు కంఠతా వచ్చు. అయినా మనసు ఒప్పుకోదు. ఆచరణలో ఏం చేయించాలి?

వాక్య_విద్యార్థి:
ముందు ఆ అధ్యాయం 17వ వచనం నుంచి వాళ్లతోనే చదివించండి. కొరింథులో జరిగింది 21, 22 వచనాల్లో ఉంది: కొందరు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయారు. పౌలు గద్దించింది అలా పేదలను సిగ్గుపరచినవాళ్లను. ఆ 27వ వచనం పట్టుకొని సిగ్గుతో నలిగినవాళ్లు బల్లకు దూరమవడం ఎంత బాధాకరం! 28వ వచనం కూడా పరీక్షించుకొని తినమంటుంది, పరీక్షించుకొని వెళ్లిపొమ్మని కాదు. ఎవరితోనైనా తగాదా ఉంటే మత్తయి 5:23-24 ప్రకారం ముందు సమాధానపడాలి.

మరియమ్మ_అక్క:
తమ్ముడూ, "నేను చెడ్డదాన్ని" అనేది ఒప్పుకోలు కాదు, దానికి అంతు ఉండదు. చేసిన పనిని ఒక్క వాక్యంలో చెప్పించండి: "అమ్మతో ఫీజు డబ్బుల గురించి అబద్ధమాడాను." తర్వాత, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 చదివి ప్రార్థన చేయాలి. నష్టం జరిగితే సువార్తలోని సుంకరి జక్కయ్యలా తిరిగి ఇచ్చేయాలి.

చాలామంది ఇక్కడే తప్పిపోతారు: గుర్తొచ్చిన ప్రతి రాత్రీ అదే తప్పుకు మళ్లీ క్షమాపణ అడుగుతారు. గుర్తు రావడం వేరు, క్షమాపణ దొరకకపోవడం వేరు. గుర్తొచ్చినప్పుడు, మన హృదయం మనల్ని నిందించినా దేవుడు దానికంటే గొప్పవాడనే 1 యోహాను 3:20 పైకి చదివి, కృతజ్ఞత చెప్పి, పనిలో పడమనండి. శిక్షగా ఉపవాసాలు పెట్టుకోనివ్వకండి.

యాకోబు 5:16 ప్రకారం ఒక్కరితో చెప్పుకోవడం మేలు. ఆడపిల్లలైతే పెద్ద వయసు సహోదరితో, మగపిల్లలైతే సహోదరుడితో. ఆ మాట "ప్రార్థన మనవి" పేరుతో వాట్సాప్ గ్రూపులోకి పోయిందా, ఆ బిడ్డ ఇక ఎవరినీ నమ్మడు.

యూత్_లీడర్:
అదే పాపంలో మళ్లీ పడినవాళ్ల సంగతి?

మరియమ్మ_అక్క:
మళ్లీ అదే పద్ధతి, ఆలస్యం చేయకుండా. దాంతోపాటు ఎక్కడ, ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడు పడుతున్నారో చూడండి. రాత్రి ఫోన్‌తో అయితే ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టించండి.

కౌన్సెలర్_నెల్లూరు:
ఒక ముఖ్యమైన విషయం. ఎవరో తమ మీద చేసిన దౌర్జన్యం వల్ల సిగ్గుపడుతుంటే వాళ్లచేత ఒప్పుకోలు చేయించకండి, అందులో వాళ్ల పాపం లేదు. పిల్లలైతే వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. నిద్ర, తిండి రెండు వారాలుగా సరిగా లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, అలా అనుమానం వచ్చినా అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416లో ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన కూడా ఆపకండి.