బ్రైటన్‌లో షాపు ఓనర్లతో ఎలా మాట్లాడాలి?

పెడన కలంకారీ బట్టల శాంపిల్స్ తీసుకుని వచ్చే నెల బ్రైటన్ వెళ్తున్నాను, లండన్ విక్టోరియా నుంచి రైల్లో గంట ప్రయాణమే కాబట్టి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామని. అక్కడి నార్త్ లేన్ అనే ఏరియాలో చిన్న చిన్న సొంత షాపులు చాలా ఉన్నాయి కదా, మన బెజవాడలో లాగా నేరుగా లోపలికెళ్లి మూట విప్పితే బాగుండదేమో, ముందే మెయిల్ పెట్టాలా? ఒకావిడకి పెట్టాను, "వెరీ ఇంట్రెస్టింగ్" అని జవాబిచ్చి ఊరుకున్నారు. అది అవునా, కాదా? ఇంకోటి, పబ్బుకి రమ్మంటారేమోనని టెన్షన్. నేను తాగను. అక్కడ వంతులవారీగా ఒక్కొక్కరు అందరికీ కొంటారట, నేను జ్యూసే తాగినా నా వంతు వచ్చినప్పుడు అందరికీ కొనాలా? అక్కడ వ్యాపారం చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, రేటు మాట ముందు ఎవరు ఎత్తాలో కూడా.