'పెంజీకటి కవ్వల': వెలుగు హద్దుకు మాటేంది?

హనుమకొండ నుంచి: ఫోకస్ లైట్ల మీద తెలుగులో కరపత్రం తయారైతున్నది. వెలుగు చేరే చివరి హద్దుకు మాట కావాలె. పోతన 'పెంజీకటి కవ్వల' నాలుక మీద ఆడుతున్నది, పై పాదం యాదికొస్తలేదు. ఈ 'కవ్వల'ను హద్దుకు వాడొచ్చునా?

జనగామ నుంచి: 'లోకస్థులుఁ దెగిన తుది నలోకంబగు పెం', అదీ పై పాదం. 'కవ్వల' అనే మాటే లేదు. పెంజీకటికి + అవ్వల. 'కి'లో ఇకారం సంధిలో పోయింది. పుస్తకాలల్ల అచ్చేసేటప్పుడు విడగొట్టబట్టే ఈ తిప్పలు. అవ్వల అంటే హద్దు కాదు, ఆవలి పక్క.

కరీంనగర్ నుంచి: అట్లయితే లైటుకు అసలే పనికిరాదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతైతది, ఎక్కడా సున్నా కాదు. హద్దు మనం గీసుకున్నదే: ఇంచుమించు నిండు పున్నమి వెన్నెలంత, 0.25 లక్స్ (లక్స్ అంటే పడ్డకాడ వెలుగు కొలత). లైటు క్యాండెలాల (ఒక్క దిక్కుకు పోయే వెలుగు బలం) వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే అక్కడికి మీటర్లు. 40,000 క్యాండెలాకు 400. దీన్ని 'పారే దూరం' అనండి. చూపు పారినట్టే వెలుగూ పారుతది.

హనుమకొండ: డబ్బా మీద ల్యూమెన్లే ఉంటే?

కరీంనగర్: వాటితో దూరం తేలదు. ల్యూమెన్ మొత్తం వెలుగు, క్యాండెలా ఒక్క దిక్కుకు పోయే బలం. చీకటి గదిలో లైటుకు 5 మీటర్ల దూరంలో, నడిమి మచ్చలో లక్స్ మీటర్ పెట్టి, వచ్చిన అంకెను 25తో గుణించండి. 1,600 వస్తే 40,000. ఒక్క మీటరు దూరంలో కొలవొద్దు; పెద్ద రిఫ్లెక్టర్ వెలుగు అక్కడికి ఇంకా ఒక్కకాడికి చేరదు, లెక్క తక్కువొస్తది. వేసినంక 30 సెకండ్లు ఆగాలె, వేడెక్కితే వెలుగు దిగుతది.

మంథని నుంచి: పారే దూరం వేరు, ఆనే దూరం వేరు. 'కండ్లకు ఆనుతలేదు' అంటం గదా. అవతల పడ్డ వెలుగు తిరిగి కంటికి రావాలె. 400 మీటర్ల కాడ నల్ల బర్రె ఆనదు. 200 కాడ 1 లక్స్ పడుతది, దాన్ని నమ్ముకోవచ్చు. మంచు పడితే అదీ ఉండదు. వెలుగు మంచుకు తగిలి మన కండ్లల్లనే కొడుతది.

జనగామ: ఆను అంటే మొదటి అర్థం తాకడం.

మంథని: మరీ మంచిది. వెలుగు ముందు బర్రెను తాకాలె, తర్వాత కంటిని.

జనగామ: ఒప్పుకుంట. కానీ ఆ 'పెం' చూడండి. కందం రెండో పాదం గురువుతో ముగియాలె. బమ్మెర కవి మాటను అక్కడే విరిచి, 'జీఁకటి'ని కింది పాదంలకు దించిండు. చదివే గొంతు చీకట్లకు దిగినంకనే, చివరి పాదంల 'ఏకాకృతి వెలుఁగు నతని' అని 'వెలుఁగు' వస్తది.

కరీంనగర్: 'ఏకాకృతి'ని మరిచిపోతున్నరు. ఒక్క తీరున వెలగడం ఏ దీపానికీ చెల్లదు.

హనుమకొండ: మరి హద్దుకు 'ఎల్ల' పెడితే?

జనగామ: 'వెలుగెల్ల' అంటే వెలుగంతా అని చదువుతరు.