గుంపులోంచి ఒక్కరు బయటపడే కాంటెంపరరీ డాన్స్: స్టెప్పు మర్చిపోయినట్టు కనిపించకుండా ఎట్ల?

హన్మకొండ_అడుగు:
ఐదుగురం, 12 నిమిషాల ఐటెం. అందుల నలుగురు పరీక్ష ర్యాంకుల వెంట పడేటోళ్ళు, ఒకామె ఒంటికి తోచినట్టు కదిలేది. రిహార్సల్ చూసినోళ్ళకు ఆమె స్టెప్పు తప్పినట్టే అనిపిస్తున్నది. నలుగురికి పేరిణి (కాకతీయుల కాలపు యోధుల నాట్యం) అడుగులు పెడితే తేడా తెలుస్తదా? నేల గ్రానైట్, కింద పడే స్టెప్పులు చాలా ఉన్నయి.

తకిట_తకధిమి:
ముందు మొహంల బాధ చూపించుడు బంద్ చెయ్యండి. కదలిక ఎక్కడ పుడుతున్నదో అక్కడ ఉండాలె తేడా. నలుగురికి చూపు, మెడ, మణికట్టు, నడుము కదలొద్దు. ఆమెకు ఊపిరి: వదలంగనే పొట్ట లోపలికి, వెన్ను గుండ్రంగ, తర్వాత భుజం, ఆఖరుకు వేళ్ళు. అమెరికా మోడర్న్ డాన్సర్ మార్తా గ్రాహం కాంట్రాక్షన్ (ఒంటిని లోపలికి ముడుచుడు) గిదే. వేళ్ళు ముందుగాల లేస్తే నటన అని తెలిసిపోతది.

లెక్క కూడా మార్చండి. వాళ్ళకు 8 (తకధిమి తకజను), ఆమెకు 7 (తకిట తకధిమి). 56 బీట్లకు వాళ్ళవి ఏడు చుట్లు, ఆమెవి ఎనిమిది. 57వ బీటు మీద ఐదుగురి అడుగు ఒక్కసారే పడుతది. నిమిషానికి 90 బీట్లయితే 37 సెకన్లు. ఆ అడుగు మీద నలుగురు తల తిప్పి ఆమెను చూడాలె, అంతే. అంకెలు లెక్కపెట్టనియ్యకండి, మూడో చుట్టుకే ఆమె లెక్క ఎనిమిదిలకు జారుతది. నోటితోని జతి (పైన చెప్పిన తకధిమి, తకిటలు) చెప్పించండి.

గచ్చు_మోకాలు:
గ్రానైట్ మీద వినైల్ (డాన్స్ షీటు) ఒక్కటే పరిస్తే జారుడు తగ్గుతది గాని దెబ్బ ఆగదు. ఫోమ్, దానిమీద 12 మి.మీ. ప్లైవుడ్, ఆపైన వినైల్. ప్లై అతుకు, వినైల్ అతుకు ఒకే గీతల రావొద్దు, కాలివేలు ఇరుక్కుంటది. పడేటప్పుడు మోకాలిచిప్ప, అరచెయ్యి ముందు తాకొద్దు: పిక్క పక్క, తొడ పక్క, పిర్ర, భుజం వెనక. ఊపిరి బిగబడితే తుంటి ఎముక ఠక్కున తగులుతది. గొంతుక్కూసోని పడుడు కుదిరినంకనే నిలబడి.

రామప్ప_శిల:
పేరిణి మాత్రం వద్దు. కాకతీయుల కాలపు జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగ నాట్యగురువు నటరాజ రామకృష్ణ మళ్ళీ నిలబెట్టిన నాట్యం అది. ప్రేరణ నుంచే ఆ పేరు వచ్చిందంటరు. లోపలి ప్రేరణతోని ఆడే దాన్ని ర్యాంకుల గుంపుకు తొడిగితే అర్థం తలకిందులైతది. ఒకవేళ పెడితే ఆమెకే పెట్టండి.

హన్మకొండ_అడుగు:
డప్పు లైవ్ పెట్టొచ్చా?

తకిట_తకధిమి:
ఇద్దరుండాలె, 8కి ఒకరు, 7కి ఒకరు. 7 వాయించేటాయన సిర్ర (లావు కర్ర) మీద జోరు పెంచాలె, సిటికెన పుల్ల (సన్న పుల్ల) తగ్గించాలె. ముసురుంటే చర్మం మెత్తబడి మోత చస్తది. మీ ఐటెంకు ముందు బయట సెగ చూపించి తేండి.