ప్రీబిల్ట్ పీసీ బయోస్‌లో ఓవర్‌క్లాకింగ్ కనిపించడం లేదు

ప్రశ్న: రెడీమేడ్ గేమింగ్ పీసీ, ప్రాసెసర్ ఇంటెల్ ఐ7-12700కె. ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువకు నడుపుదామని, బయోస్ (పీసీ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) అంతా వెతికినా మల్టిప్లయర్ (ఆ వేగం పెంచే సెట్టింగ్) లేదు. ‘కె’ అంటే అన్‌లాక్డే కదండీ?

జవాబు: ప్రాసెసర్ అన్‌లాక్డే, తాళం మదర్‌బోర్డుది. సీపీయూ-జెడ్ (పీసీ భాగాల వివరాలు చూపే ప్రోగ్రామ్)లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూడండి. బోర్డు చిప్‌సెట్ బి660, హెచ్670 అయితే కుదరదు. జెడ్690 లేదా జెడ్790 కావాలి. జెడ్ ఉన్నా కొన్ని కంపెనీలు మెనూ దాచేస్తాయి. అలాగని వేరే బోర్డు బయోస్ తెచ్చి ఫ్లాష్ చేసేరు (దీనిలోకి ఎక్కించేరు), బోర్డు చచ్చిపోతుంది!

ప్రశ్న అడిగినవారు: బి660 అంటోంది. బోర్డు మార్చెయ్యనా?

ఇంకో జవాబు: ముందు కేబినెట్ తెరవండి. బోర్డుకు మామూలు 24 పిన్ పవర్ కనెక్టర్ బదులు కంపెనీ సొంత కనెక్టర్ ఉంటే పవర్ సప్లై కూడా మార్చాలి. కొత్త బోర్డు డీడీఆర్5ది అయితే పాత డీడీఆర్4 ర్యామ్ పట్టదు. దండగ ఖర్చు. ఈ చిప్ టర్బోలో 190 వాట్ల దాకా లాగుతుంది, చిన్న కూలర్ తట్టుకోదు. కూలర్ మార్చి, బయోస్‌లో ఉంటే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. దానికి బి660 చాలు.