చలికాలంలో రెండు రోజులు ఇద్దరమే వెళ్తే తప్పా?

గాజువాక కోడలు:
పెళ్లై ఏడేళ్లు. పాపకి ఐదేళ్లు. మామయ్యగారు పోయి మూడేళ్లైంది, అత్తయ్య మా దగ్గరే ఉంటారు. మావారిది షిఫ్టు ఉద్యోగం, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఆయన ఉదయం షిఫ్టు అయితే నేను లేచేసరికి ఇంట్లో ఉండరు. సెకండ్ షిఫ్టు అయితే ఆయన వచ్చేసరికి నేను నిద్రపోతాను. నైట్ షిఫ్టు వారం గురించి చెప్పక్కర్లేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేది వారానికి రెండు పూటలు, మహా అయితే మూడు.

అందుకని ఫ్రిజ్ మీద చీటీలు పెట్టుకుంటాం. "గ్యాస్ చెప్పాను." "పాపకి దగ్గు మందు రాత్రి 9కి." "అమ్మ బీపీ మాత్రలు రెండే ఉన్నాయి." మొన్న ఇల్లు సర్దుతుంటే నవంబరు నెల చీటీలన్నీ ఒక్కచోట దొరికాయి. లెక్కపెట్టాను, 23. ఇంటి పని కాని మాట ఒక్కదాంట్లోనూ లేదు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశాను.

ఆ సంగతి ఆయనతో చెప్తే, లంబసింగి వెళ్దాం, ఇద్దరమే, శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి వచ్చేద్దాం అన్నారు. పాప నాన్నమ్మ దగ్గర ఉంటుంది. చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఈ మాట మా పెద్దాడపడుచుతో చెప్పాను. "అమ్మకి పిల్లని అప్పజెప్పి మీరు షికార్లకి వెళ్తారా? ఆవిడ మాత్రం జన్మలో ఏం చూసింది?" అంది. అప్పటినుంచి ముద్ద దిగట్లేదు. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉందనిపిస్తుంది, మళ్లీ మేం చేసే తప్పేమిటనీ అనిపిస్తుంది. మీ ఇళ్లల్లో ఎలా చేస్తారో చెప్పండి.

విజయనగరం పెద్దమ్మ:
అమ్మాయ్, మీ ఆడపడుచు అన్న తీరు బాగోలేదు గానీ విషయం లేకపోలేదు. నేను అత్తగారినే, అందుకే చెప్తున్నాను.

రెండేళ్ల కిందట మా అబ్బాయీ కోడలూ ఇలాగే అరకు వెళ్లారు. మనవడు నా దగ్గర. శనివారం అర్ధరాత్రి వాడికి ఒళ్లు కాలిపోతోంది, చూస్తే 102. ఫోన్ చేస్తే ఇద్దరికీ సిగ్నల్ లేదు. ఏ మందు ఎంత పొయ్యాలో సీసా మీది ఆ చిన్న అక్షరాలు నా కళ్లకి ఆనవు. పక్కింటి కుర్రాడు ఆటో తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాడికి తెల్లారేసరికి తగ్గింది. నాకు మాత్రం ఆ రాత్రి కాళ్లలో పుట్టిన వణుకు వారం దాకా పోలేదు.

వాళ్లు వెళ్లినందుకు నాకు బాధ లేదు. "అమ్మా, చూసుకోగలవా?" అని ఒక్క మాట అడగలేదు. "శనివారం మేం ఉండం" అని చెప్పారు. అడగడం వేరు, చెప్పడం వేరు. మీరు మీ అత్తగారిని అడిగారా? మీరు రాసినదాంట్లో ఎక్కడా కనపడలేదు. నా మాట వింటే అందరూ కలిసి వెళ్లండి. ఇద్దరమే అనే సరదాలు పిల్ల కాస్త పెద్దదయ్యాక తీర్చుకోవచ్చు.

కూకట్‌పల్లి నుంచి:
పెద్దమ్మగారూ, అడగాలన్న మాట ఒప్పుకుంటాను. అందరూ కలిసి వెళ్లండి అన్నది మాత్రం ఒప్పుకోను. అలా వెళ్తే ఏం జరుగుతుందో నా కళ్లతో చూశాను.

పోయిన డిసెంబరులో వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లాం. హైదరాబాద్‌కి 80 కిలోమీటర్ల దూరం, మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. అమ్మ, నాన్న, మా అన్నయ్య వాళ్లు, పిల్లలు, మొత్తం 11 మందిమి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. మా ఆవిడ ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా 11 మందికి పులిహోర, పెరుగన్నం కట్టింది. అక్కడ దిగాక ఎవరికి ప్లేటు అందలేదు, ఎవరికి నీళ్లు కావాలి, ఎవరి పిల్లాడు ఏ చెట్టెక్కాడు అని చూసుకోవడమే సరిపోయింది. పద్మనాభస్వామి దర్శనానికి మేం వెళ్తే ఆవిడ సామాన్ల దగ్గర కాపలా ఉండిపోయింది. వచ్చేటప్పుడు బండిలో అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. ఫొటోలన్నీ చూస్తే ఒక్క దాంట్లోనూ ఆవిడ లేదు. మా ఆవిడకి ఆ రోజు మారింది వంటిల్లు ఒక్కటే. అది గమనించడానికి నాకు వారం పట్టింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అందుకని చెల్లెమ్మా, ఇద్దరే వెళ్లండి. అందరితో వెళ్లేది మీకు విశ్రాంతి అవ్వదు.

డల్లాస్ నుంచి:
మాకు ఇక్కడ నాన్నమ్మా లేదు, అమ్మమ్మా లేదు. బాబు పుట్టి నాలుగేళ్లు, ఇద్దరమే బయటికి వెళ్లి కాఫీ తాగింది లేదు. ఇంట్లో పెద్దదిక్కు ఉన్నప్పుడు అడగడానికి ఎందుకు మొహమాటం? అడగండి, వెళ్లండి.

పాడేరు వాడిని:
వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. నేను కొండ సంగతి చెప్తాను, దాన్నిబట్టి కూడా కొంత తేలుతుంది.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. పాతవాళ్లు కొర్రబయలు అంటారు. చలిలో రాత్రంతా బయట ఉన్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. డిసెంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాకా ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగిపోతుంది. గాజువాకలో ఫ్యాను వేసుకుని పడుకునేవాళ్లకి ఆ చలి ఊహకి అందదు. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద మబ్బులు చూడాలంటే సూర్యుడు రాకముందే పైకి చేరాలి. ఎండ ముదిరితే ఆ తెల్లటి సముద్రం విడిపోతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ అయితే చీకట్లో రాళ్ల దారిన నడిచి ఎక్కాలి. ఐదేళ్ల పాపని, బీపీ మాత్రలు వేసుకునే పెద్దావిడని తెల్లవారుజామున నాలుగింటికి ఆ చలిలో నిలబెట్టడం ప్రేమ అనిపించుకోదు.

పెద్దవాళ్లకి, పిల్లలకి అరకు రైలు ఉంది. కిరండూల్ వెళ్లే బండికి 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వేస్తున్నారు. కుర్చీలో కూర్చునే లోయలు చూడొచ్చు, 50కి పైగా సొరంగాలు వస్తాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు ఒకటే కేకలు. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే అక్కడ దిగకుండా నేరుగా అరకు పోవడం మేలు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు ప్రయాణాలు. ఒక్కదాంట్లో కుక్కాలని చూస్తే ఎవరికీ తృప్తి ఉండదు.

ఇంకో మాట, ఇది అందరికీ. శని, ఆదివారాలు మా దారుల్లో కార్లు గంటల తరబడి ఆగిపోతున్నాయి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టుంటాయి నిజమే, కానీ అవి ఫొటోల కోసం వేసినవి కావు, నూనె గింజల పంట. చేలో దిగి తొక్కితే రైతు నష్టపోతాడు. దిగనిచ్చినందుకు మనిషికింత అని అడిగితే ఇవ్వండి, బేరమాడకండి. సోమవారం పొద్దున కొండ మీద మేం ఏరేది ప్లాస్టిక్ గ్లాసులు, బిరియానీ డబ్బాలు.

అనకాపల్లి, ఇరవై ఏళ్ల కాపురం:
మాకు దగ్గరే, లంబసింగి మూడుసార్లు వెళ్లాం, మూడు నాలుగు జంటలతో ఒకసారి, ఇద్దరమే రెండుసార్లు. బాగుంటుంది. చలిమంట దగ్గర టీ తాగుతుంటే ప్రపంచంలో ఏ గొడవా లేదనిపిస్తుంది. కానీ చెల్లీ, సోమవారం మళ్లీ అదే ఫ్రిజ్, అవే చీటీలు.

మా ఆయనా షిఫ్టులే. మాకు పనికొచ్చింది వేరే. ఆయన నైట్ దిగి ఆరున్నరకి ఇంటికొస్తే, అంతకుముందు నేను వంటింట్లోంచి తల కూడా తిప్పేదాన్ని కాదు. క్యారేజీల హడావుడి. ఒకరోజు ఆయనకి చెయ్యి కాలింది, నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. కట్టు విప్పాక మచ్చ చూసి. ఆ రోజునుంచి ఏమైనా సరే, పొయ్యి ఆపేసి పది నిమిషాలు మెట్ల మీద ఆయన పక్కన కూర్చుంటాను. చెరో గ్లాసు టీ. ఫోన్లు లోపలే. పిల్లలు పిలిచినా "పది నిమిషాలు" అంటాను. పదకొండేళ్లు అయింది. డబ్బు ఖర్చు లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. లంబసింగి వెళ్లొద్దని కాదు, అక్కడికి వెళ్తే అన్నీ సర్దుకుంటాయన్న ఆశ పెట్టుకోవద్దని చెప్తున్నాను.

కూకట్‌పల్లి నుంచి:
అక్కా, మీ మెట్ల మీది టీ చదివి ఇప్పుడే మా ఆవిడకి వినిపించాను. కానీ ఒక్కటి ఆలోచించండి. నెలంతా ఒక్క మాట రాసుకోలేని స్థితికి వచ్చిన ఇద్దరు ఆ పది నిమిషాల్లో కూర్చుంటే మళ్లీ గ్యాసూ, ఫీజులే మాట్లాడుకుంటారు. మేం అదే చేశాం. ఇల్లు కనపడనంత దూరం వెళ్తే తప్ప మా నోటికి వేరే మాట రాలేదు. ముందు ఆ రెండు రోజులు, తర్వాత మీ పది నిమిషాలు.

అనకాపల్లి, ఇరవై ఏళ్ల కాపురం:
అలా అయితే సరే తమ్ముడూ. కానీ "తర్వాత" అన్నది మర్చిపోకూడదు. చాలామంది ఆ ముందుదానితోనే ఆగిపోతారు.

గాజువాక కోడలు:
అందరికీ నమస్కారం. పెద్దమ్మగారు "అడిగారా" అన్న మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. నిజంగానే అడగలేదు. ఆవిడ కాదనరు అనుకున్నాను, అంతే.

నిన్న సాయంత్రం అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని నేనూ రెండు తీశాను. లంబసింగి సంగతి చెప్పి, మీరూ వస్తారా, లేకపోతే పాపని ఉంచుకోగలరా, కష్టమైతే మానేస్తాం అన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "నెలగంట పెట్టాక నేనెక్కడికొస్తానే? నాలుగింటికి లేచి గుడికెళ్లాలి కదా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి రోజూ ఆవిడ చీకట్లో లేచి, ముగ్గు వేసి, పాశురాలకి వెళ్లి, నేను లేచేసరికి నా టిఫిన్ డబ్బా పక్కన దొన్నెలో పొంగలి పెడుతున్నారు. రోజూ తింటున్నాను. ఆవిడకి ఈ నెల ఎంత ముఖ్యమో ఒక్కసారీ ఆలోచించలేదు. మా ఆడపడుచుకీ తట్టలేదు.

కాసేపటికి ఆవిడే అన్నారు. "మీ మామయ్యా నేనూ ఒక్కసారి సింహాచలం కొండ మీద రాత్రి ఉండిపోయాం. వాన, కిందికి బస్సు లేదు. పిల్లలు వాళ్ల అమ్మమ్మగారింట్లో ఉన్నారు. సత్రం వరండాలో కూర్చున్నాం తెల్లార్లూ. చలేస్తోందంటే ఆయన కండువా తీసి ఇచ్చారు." 38 ఏళ్ల కాపురంలో ఇద్దరే ఉన్న రాత్రి అదొక్కటేనట. ఏం మాట్లాడుకున్నారత్తయ్యా అంటే, "గుర్తులేదు. చాలా మాట్లాడుకున్నాం" అన్నారు. తర్వాత చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మేం వెళ్తున్నాం. పండగ అయ్యాక అత్తయ్యని, పాపని తీసుకుని అద్దాల రైలెక్కుతాం, ఆయన వీక్లీ ఆఫ్ చూసుకుని టికెట్లు తీస్తానన్నారు. మా ఆడపడుచు మాత్రం ఇంకా ఫోన్ ఎత్తట్లేదు. ఒక సందేహం: ఆయనకి శుక్రవారం సెకండ్ షిఫ్టు, రాత్రి పదింటికి దిగుతారు. ఇంటికొచ్చి స్నానం చేసి అర్ధరాత్రే బయలుదేరితే శనివారం పొద్దున మబ్బులు చూడొచ్చు, ఒక పొద్దు కలిసొస్తుంది అంటున్నారు.

విజయనగరం పెద్దమ్మ:
అడిగావు, మంచి పని చేశావమ్మా. అందరూ కలిసి వెళ్లండన్న నా మాట ఈసారికి వెనక్కి తీసుకుంటున్నాను, మీ అత్తగారే రానన్నారు కాబట్టి. కానీ పాప జ్వరం మందు ఎంత పొయ్యాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీదే పెట్టు. డాక్టరు నంబరు, పక్కింటివాళ్ల నంబరు కూడా. పక్కింటివాళ్లకి ముందే చెప్పి వెళ్లు. ఆడపడుచుకి ఇంకోసారి ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే, అమ్మ ఏమన్నారో మెసేజ్ పెట్టు. ఆ వాన రాత్రి సంగతి ఆవిడకీ తెలిసి ఉండదు.

పాడేరు వాడిని:
షిఫ్టు దిగి అర్ధరాత్రి ఘాట్ ఎక్కవద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఈ నెలల్లో మలుపుల దగ్గర పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే బండి లైటు వేసినా ముందు పదడుగులు కనపడవు. ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన మనిషికి కునుకు పట్టే వేళ కూడా అదే. శుక్రవారం రాత్రి హాయిగా పడుకోండి. శనివారం భోజనం చేసి బయలుదేరి, తాళ్లపాలెం దగ్గర హైవే దిగి, చీకటి పడకముందే నర్సీపట్నం దాటండి. పెట్రోలు కిందే కొట్టించుకోండి. గది ముందే మాట్లాడుకోండి, వచ్చాక చూద్దాం అనుకుంటే శనివారం దొరకదు. ఆదివారం ఐదింటికి లేస్తే చెరువులవేనం సరిపోతుంది, వంజంగి ఈసారికి వదిలేయండి. చెవులకి మఫ్లరు, కాళ్లకి మేజోళ్లు, ఒక టార్చి తెచ్చుకోండి. సిగ్నల్ చిక్కినచోట ఇంటికి ఫోన్ చేసి, ఆ తర్వాత పైకి ఎక్కండి.