బిడ్డను మొదటిసారి డబ్ల్యూ15 మహిళల టెన్నిస్ సింగిల్స్‌కు పంపాలి: ఎంట్రీ ఎలా? వైల్డ్ కార్డ్ కోసం డబ్బు అడుగుతున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న (హనుమకొండ, అమ్మాయి తండ్రి)

అందరికీ నమస్తే. మా బిడ్డకు 16 నిండాయి. చిన్నప్పటి నుంచి హనుమకొండలోనే ఆడుతోంది. ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-16, అండర్-18 టోర్నీలు హైదరాబాద్‌లో చాలానే ఆడింది, మహారాష్ట్రకు కూడా వెళ్లొచ్చింది. నేషనల్ ర్యాంకు ఉంది గానీ మరీ పైన లేదు. ఇప్పుడు కోచ్ గారు డబ్ల్యూ15 అనే అంతర్జాతీయ ప్రొఫెషనల్ మహిళల టోర్నీ ఆడించమంటున్నారు. ఎంట్రీ అసోసియేషన్ వాళ్లు పంపుతారా, మేమే పంపుకోవాలా? ఈ వయసు పిల్లను పెద్దవాళ్లతో ఆడనిస్తారా? మొన్న ఒకాయన ఫోన్ చేసి "వైల్డ్ కార్డ్ ఇప్పిస్తా, సగం అడ్వాన్స్ పంపండి" అన్నాడు. టెన్షన్‌గా ఉంది. పాప ఓడిపోయినా నాకు బాధ లేదు. తెలియక డబ్బు పోగొట్టుకోవద్దనే ఇక్కడ అడుగుతున్నా.

జవాబు (కాజీపేట, ఈ టోర్నీలు ఆడుతున్న అమ్మాయి తల్లి)

అన్నా, ముందు ఆ ఫోన్ సంగతి. ఒక్క రూపాయి కూడా పంపొద్దు. వైల్డ్ కార్డ్ అంటే ర్యాంకుతో పని లేకుండా నేరుగా డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే జాబితాలో, ఇచ్చే చోటు. మెయిన్ డ్రా 32 మందిది అయితే అందులో వైల్డ్ కార్డులు సాధారణంగా 4. క్వాలిఫైయింగ్‌లో, అంటే మెయిన్ డ్రాకు ముందు జరిగే అర్హత పోటీల్లో, కూడా కొన్ని ఉంటాయి. వాటిని ఇచ్చేది టోర్నీ నిర్వాహకులు, దేశ సమాఖ్య, అంటే మనకు ఏఐటీఏ. కావాలంటే అమ్మాయి ర్యాంకు, ఈ మధ్య ఆడిన ఫలితాలు రాసి రాష్ట్ర టెన్నిస్ సంఘం ద్వారా ఏఐటీఏకు, నేరుగా నిర్వాహకులకు మెయిల్ పెట్టండి. మధ్యవర్తి అక్కర్లేదు. పైగా వైల్డ్ కార్డ్‌కు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం టెన్నిస్ అవినీతి నిరోధక నియమాల కింద పెద్ద నేరం, పాప కెరీర్‌కే దెబ్బ. ఆ ఫోన్ నంబరు, మెసేజ్‌లు చెరిపేయకండి. ఐటీఐఏ అని టెన్నిస్‌లో అక్రమాలను చూసే సంస్థ ఉంది, వాళ్లకు చెప్పొచ్చు.

ఇక ఎంట్రీ. అసోసియేషన్ పంపదు, మీరే పంపుకోవాలి. దానికి ముందు ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) వెబ్‌సైట్‌లో ఐపిన్ తీసుకోవాలి. అంతర్జాతీయ టోర్నీల్లో పాప గుర్తింపు సంఖ్య అదే. ఏటా ఫీజు కట్టాలి. మైనర్ కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కూడా అడుగుతారు. బెట్టింగ్, ఫిక్సింగ్ గురించి ఆన్‌లైన్‌లో ఒక చిన్న పాఠం ఉంటుంది, అది పూర్తి చేయాల్సిందే. పాపతో పాటు మీరూ కూర్చుని వినండి. ఆటగాళ్ల కుటుంబం, కోచ్ కూడా ఆ నియమాల కిందికే వస్తారు. టెన్నిస్ మీద పది రూపాయల పందెం కూడా కాయకూడదు. పాపకు భుజం నొప్పి ఉందా, రేపు ఆడుతుందా అని ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో అడుగుతారు. చెప్పకూడదు.

ఐపిన్‌లో మనవాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. మన ఇంటిపేరు ముందు వస్తుంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఫారంలో ఇంటిపేరు గడి వేరు, సొంత పేరు గడి వేరు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో ఐపిన్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. ఏఐటీఏ రికార్డులో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. రేపు శ్రీలంకకో థాయ్‌లాండ్‌కో వెళ్లాల్సి వచ్చినప్పుడు టికెట్, వీసా, ఎంట్రీ మూడింటిలో ఒకే పేరు ఉండాలి కదా. ఇంకా పాస్‌పోర్టు లేకపోతే ముందు దానికే అప్లై చేయండి.

గడువు సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. టోర్నీ వారం మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు వచ్చే గురువారం ఎంట్రీకి ఆఖరు. గ్రీనిచ్ సమయం 14 గంటలు, అంటే మనకు రాత్రి 7:30. ఉదాహరణకు టోర్నీ సోమవారం 22న అయితే ఎంట్రీ గురువారం 4న రాత్రి 7:30 లోపు పడాలి. వద్దనుకుంటే పేరు వెనక్కి తీసుకోవడానికి మంగళవారం 9 వరకు టైమ్ ఉంటుంది. ఆ తర్వాత మానుకుంటే లేట్ విత్‌డ్రాయల్ కింద రాస్తారు. చెప్పకుండా వెళ్లకపోతే జరిమానా పడుతుంది. ఆఖరి గంటలో సైట్ తెరుచుకోకపోతే ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి మేము బుధవారమే వేసేస్తాం.

వయసుకు అడ్డేమీ లేదు. 14 నిండితే ప్రొఫెషనల్ టోర్నీ ఆడొచ్చు, కానీ 18 నిండేదాకా ఏడాదికి ఇన్నే అని పరిమితి ఉంటుంది. ఆ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు కాదు, పుట్టినరోజు నుంచి పుట్టినరోజుకు. అందుకే దొరికిన ప్రతి టోర్నీకీ పేరు వేయకుండా ఎంచుకుని వేయండి.

మళ్లీ ప్రశ్న (హనుమకొండ, అమ్మాయి తండ్రి)

అక్కా, చాలా థాంక్స్. ఫోన్ ఆయనకు ఇక జవాబు ఇవ్వను. ఇంకో మాట: ఎంట్రీ వేస్తే డ్రాలో పేరు వచ్చేసినట్టేనా? డబ్ల్యూ15, డబ్ల్యూ35 అంటారు, ఆ అంకెలు దేనివి?

జవాబు (కరీంనగర్, కోచ్)

సార్, ఆ అంకె టైటిల్ గెలిచిన అమ్మాయికి వచ్చే ర్యాంకింగ్ పాయింట్లు. ఐటీఎఫ్ మహిళల టోర్నీలు డబ్ల్యూ15, 35, 50, 75, 100 అని 5 మెట్లు. వాటి పైన డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) 125, 250, 500, 1000. గ్రాండ్ స్లామ్ గెలిస్తే 2000. డబ్ల్యూ15లో మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు, అది సింగిల్స్, డబుల్స్ అందరికీ కలిపి.

ఎంట్రీ వేయగానే చోటు రాదు. జాబితా డబ్ల్యూటీఏ ర్యాంకు చూసి తయారవుతుంది. ర్యాంకు లేనివాళ్లు ఆ తర్వాతే. ఐటీఎఫ్ జూనియర్స్‌లో బాగా పైన ఉన్న అమ్మాయిలకు కొన్ని చోట్లు విడిగా ఉంటాయి. మీ పాపకు నేషనల్ ర్యాంకు మాత్రమే ఉంది కాబట్టి క్వాలిఫైయింగ్ జాబితా అడుగునో, ఆల్టర్నేట్‌గానో పేరు పడొచ్చు. ఆల్టర్నేట్ అంటే ఎవరైనా తప్పుకుంటే లోపలికి వస్తుంది. క్వాలిఫైయింగ్ ముందురోజు సాయంత్రం కోర్టు దగ్గరికి వెళ్లి సైన్ ఇన్ చేయాలి. అక్కడ లేకపోతే ఖాళీ వచ్చినా చోటు దక్కదు. ఫ్యాక్ట్ షీట్ అని ప్రతి టోర్నీకీ ఒక కాగితం వెబ్‌సైట్‌లో పెడతారు. సైన్ ఇన్ టైమ్, కోర్టు రకం, బంతి బ్రాండు, హోటల్, ఫీజు అన్నీ అందులోనే ఉంటాయి. టికెట్ కొనకముందే చదవండి.

డ్రా షీట్‌లో పేరు పక్కన క్యూ అంటే క్వాలిఫైయింగ్ గెలిచి వచ్చిన అమ్మాయి. డబ్ల్యూసీ అంటే వైల్డ్ కార్డ్. ఎల్ఎల్ అంటే లక్కీ లూజర్: క్వాలిఫైయింగ్ ఆఖరి రౌండ్‌లో ఓడినా, మెయిన్ డ్రాలో ఎవరో తప్పుకోవడంతో లోపలికి వచ్చిన అమ్మాయి. అందుకే ఆఖరి రౌండ్ ఓడిన రోజే రైలెక్కించకండి, రిఫరీని అడిగి కదలండి.

ఆట విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. జూనియర్స్‌లో ర్యాలీ సాగదీసి అవతలి పిల్ల తప్పు చేసేదాకా ఆగి గెలిచే అమ్మాయిలు మన దగ్గర ఎక్కువ. మహిళల టోర్నీలో అది నడవదు. రెండో సర్వ్ మెత్తగా పడితే అవతలి అమ్మాయి కోర్టు లోపలికి అడుగేసి రిటర్న్‌తోనే పాయింట్ ముగిస్తుంది. పాప రెండో సర్వ్‌ల మీద ఎన్ని పాయింట్లు గెలుస్తోందో ఒక మ్యాచ్‌లో కాగితం మీద గీతలు పెట్టి చూడండి. సగానికి బాగా తక్కువుంటే మొదట ఏఐటీఏ మహిళల ప్రైజ్ మనీ టోర్నీలు ఆడించండి. అక్కడా పెద్దవాళ్లే ఉంటారు, ఖర్చు తక్కువ, నేషనల్ ర్యాంకు కూడా పెరుగుతుంది. ఇంకోటి, క్వాలిఫైయింగ్‌లో సెట్లు 1-1 అయితే మూడో సెట్ బదులు 10 పాయింట్ల టై బ్రేక్ ఉంటుంది. దాన్ని ప్రాక్టీస్‌లో విడిగా ఆడించాలి. మొదటి రెండు మూడు పాయింట్లు నిర్లక్ష్యంగా పోతే కోలుకునే టైమే ఉండదు.

జవాబు (హనుమకొండ, ఇంజనీరింగ్ విద్యార్థి, మహిళల టెన్నిస్ అభిమాని)

అంకుల్, ర్యాంకు ఎలా వస్తుందో కూడా చెబుతాను. డబ్ల్యూటీఏ జాబితాలో పేరు రావాలంటే కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా మొత్తం 10 పాయింట్లు కావాలి. డబ్ల్యూ15 మెయిన్ డ్రాలో ఒక్క మ్యాచ్ గెలిస్తే 1 పాయింట్. అంటే మూడు చోట్ల మెయిన్ డ్రా చేరి ఒక్కో మ్యాచ్ గెలిచినా ప్రపంచ జాబితాలో పాప పేరు ఉంటుంది. ఆ పాయింట్లు 52 వారాలు ఉంటాయి, తర్వాత తీసేస్తారు.

పైమెట్టు ఎలా ఉంటుందో పాపకు చూపించాలనుంటే చెన్నైకి తీసుకెళ్లండి. అక్కడ డబ్ల్యూటీఏ 250 టోర్నీ 2022లో జరిగింది, 17 ఏళ్ల చెక్ అమ్మాయి లిండా ఫ్రూవిర్తోవా గెలిచింది. 2025లో మళ్లీ జరిగింది. వరంగల్‌లో గ్రాండ్ ట్రంక్ ఎక్కితే నేరుగా చెన్నైలో దిగొచ్చు. మన వాళ్లలో సానియా మీర్జా 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారత మహిళ అయింది. 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. ఇప్పుడు సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఆడుతున్నారు. 2025లో మెక్సికోలో జరిగిన డబ్ల్యూటీఏ 125 టోర్నీలో సహజ, యూఎస్ ఓపెన్ మాజీ చాంపియన్ స్లోన్ స్టీఫెన్స్‌ను ఓడించింది. వీళ్ల మ్యాచ్‌ల స్కోర్లు పాపతో కలిసి ఫాలో అవ్వండి. ఏ వారం ఏ టోర్నీ ఎంచుకుంటున్నారో చూస్తేనే చాలా తెలుస్తుంది.

మళ్లీ ప్రశ్న (హనుమకొండ, అమ్మాయి తండ్రి)

కోచ్ సార్, తమ్ముడూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చివరగా ఖర్చు. క్వాలిఫైయింగ్‌లో ఓడితే ఏమైనా వస్తుందా? ఒక్క టోర్నీ కోసం అంత దూరం పోవాలా?

జవాబు (కాజీపేట)

డబ్ల్యూ15 క్వాలిఫైయింగ్‌లో ఓడితే ఏమీ రాదన్నా. మెయిన్ డ్రా మొదటి రౌండ్ ఓడినా 200 డాలర్లు కూడా రావు, అందులోనూ పన్ను పోతుంది. ప్రైజ్ మనీ మీద లెక్క వేసుకోకండి. ఒకే ప్రాంతంలో వరుసగా రెండు మూడు వారాలు టోర్నీలు పెడతారు, అవి చూసి వెళ్లండి. ఒకసారి రైలు ఖర్చుతో రెండు ఎంట్రీలు. మనకు కాజీపేట, వరంగల్ రెండూ మెయిన్ లైన్ మీదే ఉన్నాయి కాబట్టి నాగ్‌పూర్ వైపు టోర్నీ పడితే హైదరాబాద్ వెళ్లే పనే లేదు. షోలాపూర్, పూణే అయితే సికింద్రాబాద్ మీదుగా వెళ్లాలి. క్వాలిఫైయింగ్ సాధారణంగా ఆదివారం మొదలవుతుంది, అందుకని శుక్రవారం రాత్రికే చేరండి. శనివారం ఆ కోర్టు మీద కాసేపు ఆడుకోవాలి, సాయంత్రం సైన్ ఇన్. తిరుగు టికెట్ మాత్రం తేదీ మార్చుకునేలా చూసుకోండి. హోటల్ కూడా ఫ్యాక్ట్ షీట్‌లో రాసినదే తీసుకోవాలని లేదు, కోర్టుకు నడిచి వెళ్లే దూరంలో వంట చేసుకునే గది దొరికితే మేము అదే తీసుకుంటాం. అన్నం, పెరుగు, అరటిపండు ఉంటే పిల్లల కడుపు చెడదు.

రాకెట్లు కనీసం రెండు, ఇక్కడే కొత్త స్ట్రింగ్ వేయించి తీసుకెళ్లండి. అక్కడ వేయించుకుంటే రేటు ఎక్కువ, పైగా పెద్ద ర్యాంకు వాళ్ల రాకెట్లతో క్యూ ఉంటుంది. పాప స్ట్రింగ్ ఎంత బిగువుగా (టెన్షన్) వేయిస్తుందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఎండాకాలం టోర్నీ అయితే రిఫరీ వేడి నియమం ప్రకటించారేమో ఉదయమే అడగండి. ప్రకటిస్తే రెండో సెట్ తర్వాత, మూడో సెట్‌కు ముందు 10 నిమిషాల విరామం దొరుకుతుంది. తడి టవల్, వేరే జత బట్టలు బ్యాగులో పైనే ఉంచండి.

జవాబు (కరీంనగర్, కోచ్)

ఒక్కటి కలుపుతా. దగ్గు మందు, నొప్పి మాత్ర, ఆయుర్వేదం పొడి, జిమ్‌లో ఇచ్చే ప్రొటీన్, ఏదైనా సరే డోపింగ్ (నిషేధించిన మందుల) జాబితాలో చూడకుండా వేయొద్దు. ఐపిన్ తీసుకున్న రోజు నుంచి పాప కూడా పరీక్షకు రావాల్సిన వ్యక్తే. ఆస్తమా ఇన్‌హేలర్ లాంటిది వాడుతుంటే డాక్టర్ కాగితాలతో ముందే అనుమతి అవసరమా అని అడిగి తెలుసుకోండి.

చివరి మాట (హనుమకొండ, అమ్మాయి తండ్రి)

సార్, పాపకు ఆస్తమా లేదు గానీ అలర్జీ మాత్ర వేస్తాం. రేపు ఆ పేరు జాబితాలో చూస్తా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఏఐటీఏలో ఒక్క అక్షరమే ఉంది. సోమవారం దానికి మెయిల్ పెట్టి, ఆ తర్వాతే ఐపిన్ తీసుకుంటా. మొదట ఏఐటీఏ మహిళల టోర్నీ ఆడిద్దామని పాపతో మాట్లాడాను, సరేనంది. రెండో సర్వ్ లెక్క ఈ ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌లో రాసి ఇక్కడే పెడతా, కోచ్ సార్ చూసి చెప్పండి.