బీఈడీతో అమెరికా వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో టీచర్ కోర్సులు: మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_టు_ఫ్రీమాంట్:
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. బీఈడీ 2009లో చేశాను, అప్పట్లో అది ఏడాది కోర్సే. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేశాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి పద్నాలుగు నెలలైంది. మా ఆయన ఉద్యోగ వీసా వల్ల వచ్చిన హెచ్4 వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేసుకోవడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు పోయిన వారమే చేతికొచ్చింది.

పొద్దున పిల్లల్ని బడిలో దింపి తిరిగొస్తుంటే, లోపల గంట మోగిందంటే కాళ్లు ముందుకు పడవు. మళ్లీ పాఠం చెప్పాలని ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఓలోనీ అనే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో (కమ్యూనిటీ కాలేజీ) చిన్నపిల్లల చదువు గురించిన ఎర్లీ చైల్డ్‌హుడ్ క్లాసులు తీసుకోమంటున్నారు. తొమ్మిది, పది తరగతులకు చెప్పినదాన్ని, ఇప్పుడు మూడేళ్ల పిల్లలకు చెప్పడం మొదటినుంచి నేర్చుకోవాలా? నా బీఈడీ ఇక్కడ దేనికీ కొరగాదా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నెల్లూరు_టీచరమ్మ:
తెనాలి గారూ, నాలుగేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే అడిగాను. ఊళ్లో ఎనిమిదేళ్లు సైన్స్ చెప్పి వచ్చాను. ఇప్పుడు బే ఏరియాలో ఒక ప్రీస్కూల్లో టీచర్ని.

ముందు ఒక చిక్కుముడి విప్పుకోండి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ బడిలో క్లాసు టీచరు కావాలంటే రాష్ట్ర టీచర్ల కమిషన్ ఇచ్చే క్రెడెన్షియల్, అంటే టీచరు లైసెన్సు, కావాలి. మామూలుగా అది డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో చేసే ప్రోగ్రామ్. కమ్యూనిటీ కాలేజీ చూపించేది ప్రీస్కూల్ దారి. లైసెన్సున్న ప్రీస్కూల్లో టీచరుకు ఈ చిన్నపిల్లల కోర్సుల్లో 12 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. యూనిట్ అంటే కాలేజీ క్లాసు బరువును కొలిచే లెక్క. అందులో చైల్డ్ గ్రోత్ అండ్ డెవలప్‌మెంట్, చైల్డ్ ఫ్యామిలీ అండ్ కమ్యూనిటీ, కరికులమ్, ఈ మూడూ తప్పనిసరి. ఆరు యూనిట్లు అయ్యాయంటే ఉద్యోగంలోకి తీసుకోవచ్చు, మిగతావి టర్ముకు కనీసం రెండు యూనిట్ల చొప్పున పూర్తిచేసుకోవాలి. 

ఆ పైన రాష్ట్ర కమిషనే చిన్నపిల్లల టీచర్లకు ఇచ్చే చైల్డ్ డెవలప్‌మెంట్ పర్మిట్లు ఉన్నాయి. అసోసియేట్ టీచర్ పర్మిట్‌కు 12 యూనిట్లు, 50 రోజుల అనుభవం. టీచర్ పర్మిట్‌కు 24 యూనిట్లు, వాటికి తోడు జనరల్ ఎడ్యుకేషన్ 16 యూనిట్లు, 175 రోజుల అనుభవం. రోజంటే కనీసం మూడు గంటలు. పర్మిట్లకు సీ గ్రేడుకు తగ్గిన క్లాసు లెక్కలోకి రాదు. ఇంకో మాట. నాలుగేళ్ల పిల్లలకు ప్రభుత్వ బడుల్లో టీకే (ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్) క్లాసులు వచ్చాయి కదా, అక్కడ పాఠం చెప్పే క్రెడెన్షియల్ టీచర్లకు కూడా ఈ చిన్నపిల్లల కోర్సుల్లో 24 యూనిట్లో, దానికి సమానమైన అనుభవమో, పర్మిటో 2025 ఆగస్టు 1 నాటికి ఉండాలన్నారు. అంటే ఇప్పుడు చదివేది రేపు పెద్ద దారిలోనూ అక్కరకొస్తుంది.

ఇక మొదటినుంచి ఎందుకు చదవాలి అన్నారే, దానికి నాకు జరిగింది చెబుతాను. మొదటి క్లాసులోనే మా ప్రొఫెసరు, కాలేజీ ఆవరణలో ఉన్న పిల్లల బడికి వెళ్లి ఒక పిల్లాణ్ణి ఇరవై నిమిషాలు చూసి రాసుకురమ్మన్నారు. నేను రాసుకెళ్లింది ఇది: "బాబు కోపంగా ఉన్నాడు. ఎవరితోనూ కలవడు. మొండివాడు." ఆవిడ మూడు వాక్యాల కిందా గీతలు గీసి, ఇవన్నీ నువ్వు అనుకున్నవి, చూసినవి రాయి అని తిప్పి పంపారు.

మళ్లీ వెళ్లి కూర్చున్నాను. "చెక్క దిమ్మలు ఐదు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఆరోది పెట్టగానే అన్నీ పడ్డాయి. పక్కనున్న పాప చెయ్యి చాపితే చేతిలో దిమ్మను గుండెకు హత్తుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అడుగున వెడల్పు దిమ్మ పెట్టాడు." ఇంటికొచ్చి చదువుకుంటే ఆ కాగితంలో మొండి పిల్లాడు ఎక్కడా కనబడలేదు. గోపురం ఎందుకు పడుతోందో తేల్చుకుంటున్నవాడు కనబడ్డాడు. అరవై మంది ఉన్న క్లాసులో ఎనిమిదేళ్లు చెప్పాను గానీ, ఒక్క బిడ్డను ఇరవై నిమిషాలు కుదురుగా చూసే తీరిక నాకు ఏనాడూ దొరకలేదు. బీఈడీలో నేర్చుకున్న లెసన్ ప్లాన్లు, బోధనోపకరణాలు అన్నీ ఇక్కడ పనికొచ్చాయి. చూడటం మాత్రం ఈ క్లాసులోనే వచ్చింది.

అందుకని ఇండియా కాగితాలన్నీ తేలేదాకా ఆగకండి. ముందు చైల్డ్ గ్రోత్ ఒక్క క్లాసులో చేరండి.

శాన్‌హోజే_రాజు:
మా ఆవిడ ఇదే చదువుతోంది కాబట్టి డబ్బు సంగతి నేను చెబుతాను. రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే 12 యూనిట్లకు 552. పుస్తకాలు, చిల్లర ఫీజులు వేరు. రాష్ట్రవాసి కారని తేలితే ఇది ఎన్నో రెట్లు అవుతుంది. హెచ్4 వాళ్లు రెసిడెన్సీకి, అంటే రాష్ట్రవాసి గుర్తింపుకు, అర్హులే. టర్మ్ మొదలయ్యేలోగా ఇక్కడ ఏడాది మీద ఒక్కరోజు ఉన్నట్టు కాగితాలు చూపించాలి. మీకు పద్నాలుగు నెలలైంది కాబట్టి ఇబ్బంది లేదు.

మేం తడబడింది కాగితాల దగ్గరే. లీజు నా ఒక్కడి పేరున ఉంది, కరెంటు బిల్లూ నా పేరునే. ఆవిడ ఇక్కడే ఉంటోందని చూపించే కాగితం ఒక్కటీ లేదు. చివరికి ఇద్దరం కలిపి వేసిన ట్యాక్స్ రిటర్ను, ఆవిడ డ్రైవింగ్ లైసెన్సు చూపించి గట్టెక్కాం. హెచ్4 మీద వచ్చిన ఆడవాళ్లందరికీ చెబుతున్నా, లీజులో మీ పేరు మొదటి రోజే రాయించుకోండి.

డి ఆంజా కాలేజీ లాంటి చోట సెమిస్టర్లు కాకుండా, ఏడాదిని ఇంకా చిన్న టర్ములుగా విడగొట్టే క్వార్టర్ పద్ధతి నడుస్తుంది. ఒక సెమిస్టర్ యూనిట్ అంటే ఒకటిన్నర క్వార్టర్ యూనిట్, కాబట్టి 12 బదులు 18 లెక్కేసుకోవాలి.

ఈఏడీ గురించి కూడా ఒక మాట. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువు దాటి కొత్తది రాకపోతే ఉద్యోగం ఆపాల్సిందే, పిల్లలు మీకోసం ఏడుస్తున్నా సరే. ఆరు నెలల ముందే వేసుకోవచ్చు, ఆలస్యం చేయకండి. చదువుకోవడానికి మాత్రం ఈఏడీ అక్కర్లేదు.

కరీంనగర్_బిడ్డ:
మాది టెక్సాస్, ఫ్రిస్కో. ఇక్కడ లెక్క వేరే ఉంటది. డిగ్రీ లేనోళ్లు కమ్యూనిటీ కాలేజీల అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్ అనే రెండేండ్ల కోర్సు చేసి యూనివర్సిటీకి పోతరు. డిగ్రీ ఉన్నోళ్లకు మళ్ల డిగ్రీ చెయ్యకుండ టీచర్ అయ్యే ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అని ఉంటది, కొన్ని కమ్యూనిటీ కాలేజీలు కూడా నడిపిస్తయి. నేను ముందుగాల ఎడ్యుకేషన్ 1301 అనే క్లాసు ఒక్కటి తీస్కున్న. అండ్ల బడికి పోయి కనీసం 16 గంటలు కూసుండి చూడాలె.

ఎలిమెంటరీ టీచరుకు కోర్ సబ్జెక్ట్స్ పరీక్షతో పాటు పిల్లలకు చదవడం ఎట్ల నేర్పాల్నో అడిగే సైన్స్ ఆఫ్ టీచింగ్ రీడింగ్ అని ఇంకోటి 2021 జనవరి నుంచి పెట్టిన్రు. దాని దగ్గర నాకు చుక్కలు కనవడ్డయి. ఎందుకో చెప్తా. మనం చిన్నప్పటి సంది గుణింతాలు దిద్దినోళ్లం. క, కా, కి, కీ. మన చెవికి అచ్చు, హల్లు కలిసే ఇనవడతయి. "కమల" అంటె మనకు మూడు ముక్కలు, క మ ల. ఇక్కడ ఐదేండ్ల పోరడిని "క్యాట్" అన్న మాటల ఎన్ని శబ్దాలు ఉన్నయి అని అడుగుతరు. నాకు ఒక్కటే అక్షరం, దాని ఎన్క ఒక పొల్లు ఇనవడేది. ఆళ్లకు మూడు. క్, ఆ తర్వాత అచ్చు, ఆఖరికి ట్. చప్పట్లు కొట్టుకుంట మా బిడ్డతోని కూసోని నెల రోజులు నేర్చుకున్న. మన లిపి పద్ధతి వేరే, ఇంగ్లిష్ పద్ధతి వేరే అని సమజైనంక పరీక్ష తేలికైంది. ఇప్పుడు మా క్లాసుల తెలుగు పిల్లగాడు ఎవడన్న తడబడితె ఎక్కడ చిక్కిండో నాకు జల్ది తెలుస్తది.

అనంత_సీమ:
ఎవరూ నాలా మోసపోకూడదని రాస్తున్నా. "ఆరు వారాల్లో ప్రీస్కూల్ టీచర్ సర్టిఫికెట్" అని చెప్పిన ఒక ప్రైవేటు ఆన్‌లైన్ సంస్థకు డబ్బు కట్టినాను. పట్టుకొని ఇంటర్వ్యూకు పోతే డైరెక్టర్ చూసి, ఇందులో కాలేజీ యూనిట్లు ఏవమ్మా అని అడిగింది. ఒక్కటీ లేదు. కారులో కూర్చుని ఏడ్చినాను. డబ్బు కట్టేముందు రెండే అడగండి: ఇది కాలేజీ మార్కుల పత్రమైన ట్రాన్‌స్క్రిప్ట్‌లో యూనిట్లుగా వస్తుందా, ఆ కాలేజీకి గుర్తింపు ఉందా.

ఇంకొకటి. ఇండియా డిగ్రీని, అది ఇక్కడ దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్‌కు ఇచ్చేటప్పుడు ప్రతి సబ్జెక్టు విడివిడిగా చూసే కోర్స్ బై కోర్స్ రిపోర్టు అడగండి, అదీ కమిషన్ ఒప్పుకునే సంస్థ దగ్గరే. నా మార్కుల మెమోల మీద పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఆయన ఇంటిపేరు. పెళ్లి సర్టిఫికెట్ పంపేదాకా ఫైలు కదల్లేదు. మా తమ్ముడు సీలు కవర్ కోసం యూనివర్సిటీకి నాలుగుసార్లు తిరిగినాడు.

విశాఖ_తీరం:
చిన్న విషయమే, కానీ చాలామంది ఇక్కడే భయపడతారు. పిల్లల బడిలోకి వెళ్లాలంటే వేలిముద్రలు, టీబీ పరీక్ష, తట్టు వగైరాలకు వేసే ఎమ్ఎమ్ఆర్, ధనుర్వాతం, కోరింత దగ్గు వగైరాలకు వేసే టీడ్యాప్ టీకాల కాగితాలు అడుగుతారు. మనకు పుట్టగానే టీబీ టీకా బీసీజీ వేస్తారు కదా, దానివల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. నాకు చెయ్యి వాచేసరికి రాత్రంతా నిద్రపట్టలేదు. రక్తపరీక్ష ఉంటుంది, దానికి బీసీజీతో సంబంధం లేదు. మొదటే అదే చేయమని డాక్టరుని అడగండి.

తెనాలి_టు_ఫ్రీమాంట్:
అందరికీ పేరుపేరునా దండాలు. కౌన్సెలర్‌ని కలిశాను. చైల్డ్ గ్రోత్ క్లాసులో చేరాను, రెసిడెన్సీ కూడా ఒప్పుకున్నారు. లీజులో నా పేరుంది రాజు గారూ, మా ఆయన ముందుచూపు. తమ్ముడికి ఫోన్ చేసి మార్కుల మెమోల పని మొదలుపెట్టమన్నాను. నెల్లూరు అక్కా, ఒకటి అడగాలి. చిన్నపిల్లల దగ్గరికి వెళితే నా లెక్కలు వదులుకున్నట్టేనా?

నెల్లూరు_టీచరమ్మ:
ఎందుకు వదులుకోవాలి చెల్లీ? హైస్కూల్ లెక్కలకు, ఒక్క సబ్జెక్టు చెప్పేవాళ్లకు ఇచ్చే సింగిల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్ ఉంది. ఎవాల్యుయేషన్ రిపోర్టు చేతికొచ్చాక యూనివర్సిటీ క్రెడెన్షియల్ ఆఫీసులో కూర్చుని మాట్లాడండి. ఈలోగా మీ నాలుగేళ్ల పిల్లలు ద్రాక్షపళ్లు పంచుకుంటూ "నాకు ఒకటి తక్కువ" అంటారు చూడండి, తీసివేత అక్కడే మొదలవుతుంది. పదో తరగతిలో తీసివేతకు భయపడే పిల్లలు మీకు తెలుసు, ఆ భయం మొదలవకముందు పిల్లలు ఎలా ఉంటారో ఇప్పుడు చూస్తారు.

తెనాలి_టు_ఫ్రీమాంట్:
ఈ మాట రాసిపెట్టుకున్నాను అక్కా. బుధవారం నా మొదటి అబ్జర్వేషన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నెల్లూరు_టీచరమ్మ:
పిల్లాడి అసలు పేరు కాగితం మీద రాయకండి, ఒక్క అక్షరం చాలు. తేదీ, మొదలుపెట్టిన టైము ముందే రాసుకోండి. గోడవారగా పిల్లల కుర్చీలోనే కూర్చోండి, నిలబడితే అందరూ మీ వైపే చూస్తారు. ఎవరైనా వచ్చి ఏం రాస్తున్నావని అడిగితే "మీరు ఎలా ఆడుకుంటారో నేర్చుకుంటున్నా" అని చెప్పి మళ్లీ తల వంచుకోండి. పెన్నులు రెండు తీసుకెళ్లండి, ఒకటి ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారు.